కత్తి, గొడ్డలి, గద: మైన్‌క్రాఫ్ట్‌లో ఆర్మర్ మీద ఏది ఎంత పనిచేస్తుంది?

మైన్‌క్రాఫ్ట్ ఆటలో నెథరైట్ (అన్నింటికంటే గట్టి లోహం) కత్తి మీద మౌస్ పెడితే డ్యామేజ్ (ఒక దెబ్బకు పోయే ప్రాణం) 8 అని చూపిస్తుంది. నెథరైట్ గొడ్డలి మీద పెడితే 10. ఎదుటివాడి ఒంటిమీద ఏమీ లేకపోతేనే ఈ అంకెలు నిజం. తల నుంచి కాళ్ల దాకా నెథరైట్ తొడుక్కున్నవాడికి అదే కత్తి తగిలితే పోయేది 2.11 పాయింట్లు, అంటే ఒక హార్ట్ (2 పాయింట్ల ప్రాణం) కంటే కొంచెం ఎక్కువ. మిగతాదంతా ఆర్మరే (కవచమే) మింగేస్తుంది. అందుకే ఏ ఆయుధం కొనాలి, దేన్ని ఎన్‌చాంట్ చేయాలి (దేనికి మంత్రశక్తి ఎక్కించాలి), దేని మీద డైమండ్లు ఖర్చు పెట్టాలి అన్న ప్రశ్నకు జవాబు ఆయుధం మీది అంకెలో దొరకదు. ఎదుటివాడు ఏం తొడుక్కున్నాడో చూస్తేనే దొరుకుతుంది.

కత్తా గొడ్డలా అన్న వాదన 2016 ఫిబ్రవరిలో 1.9 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ నడుస్తోంది. కూల్‌డౌన్ (ఒక దెబ్బ తర్వాత ఆయుధం మళ్లీ పూర్తి బలం పుంజుకునే సమయం), డాలు ఆ అప్‌డేట్‌తోనే వచ్చాయి. 2024 జూన్‌లో 1.21తో గద కూడా బరిలోకి దిగాక లెక్క ఇంకా మారింది. ఈ పోలిక జావా ఎడిషన్ (కంప్యూటర్‌లో ఆడే రకం) 1.21 ప్రకారం చేసింది. ఫోన్‌లో బెడ్‌రాక్ ఎడిషన్ ఆడేవాళ్లకు లెక్క వేరు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

## ముందు వేటిని కొలవాలి

నా దృష్టిలో నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది, ఆర్మర్ మింగేశాక ఒక దెబ్బలో ఎంత మిగులుతుంది. రెండోది, 20 పాయింట్ల ప్రాణం తీయడానికి ఎన్ని దెబ్బలు, ఎంత సమయం పడుతుంది. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. సెకనుకు సగటున ఎక్కువ డ్యామేజ్ ఇచ్చే ఆయుధం కూడా ఒక్కోసారి ఆలస్యంగా చంపుతుంది, ఎందుకంటే సగం దెబ్బ అంటూ ఏదీ ఉండదు. మూడోది, ఎదుటివాడు డాలు ఎత్తితే మీ చేతిలో ఉన్నది ఏం చేయగలదు. నాలుగోది ఖర్చు: ఆయుధం ఎంతకాలం మన్నుతుంది, ఎన్‌చాంట్ చేయడం ఎంత కష్టం.

వీటిలో మొదటిదాన్ని అర్థం చేసుకుంటే మిగతావి తేలిక, కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

## ఆర్మర్ దెబ్బను ఎలా తగ్గిస్తుంది

ఫుల్ ఐరన్ సెట్‌కు ఆర్మర్ పాయింట్లు 15, టఫ్‌నెస్ 0. ఫుల్ డైమండ్‌కు ఆర్మర్ 20, టఫ్‌నెస్ 8. ఫుల్ నెథరైట్‌కు కూడా ఆర్మర్ 20 పాయింట్లే, కానీ టఫ్‌నెస్ 12.

ఒక్కో ఆర్మర్ పాయింటు దెబ్బను 4 శాతం తగ్గిస్తుంది. అక్కడితో ఆగిపోతే ఫుల్ డైమండ్ ప్రతి దెబ్బలోనూ 80 శాతం ఆపాలి. కానీ దెబ్బ పెద్దదయ్యేకొద్దీ ఆర్మర్ కొంత బలం కోల్పోతుంది. ఎంత కోల్పోతుందో ఇలా లెక్కిస్తారు:

పనిచేసే ఆర్మర్ = ఆర్మర్ పాయింట్లు − (4 × డ్యామేజ్) ÷ (టఫ్‌నెస్ + 8)

ఇది ఎంత తగ్గినా అసలు ఆర్మర్‌లో ఐదో వంతు కంటే కిందికి పోదు, ఎంత పెరిగినా 20 దాటదు.

ఒక దెబ్బను దగ్గరగా చూద్దాం. నెథరైట్ గొడ్డలి, ఫుల్ డైమండ్ మీద. డ్యామేజ్ 10 కాబట్టి నాలుగు రెట్లు 40. టఫ్‌నెస్ 8కి 8 కలిపితే 16. 40ని 16తో భాగిస్తే 2.5. ఇరవై పాయింట్ల ఆర్మర్‌లో 2.5 పోగా పనిచేసేది 17.5. పాయింటుకు 4 శాతం చొప్పున 70 శాతం ఆగిపోతుంది. పదిలో మూడు లోపలికి వెళ్తాయి.

అదే డైమండ్ మీద నెథరైట్ కత్తి 8 డ్యామేజ్‌తో తగిలితే ఆర్మర్ 72 శాతం ఆపేస్తుంది, మిగిలేది 2.24. ఆయుధాల మీది అంకెల్లో గొడ్డలి కత్తి కంటే 25 శాతం ఎక్కువ. డైమండ్ దాటి లోపలికి వెళ్లిన దెబ్బలో మాత్రం దాదాపు 34 శాతం ఎక్కువ. ఆర్మర్ చిన్న దెబ్బను ఎక్కువగా కోస్తుంది, పెద్ద దెబ్బను తక్కువగా కోస్తుంది. ఈ పోలిక మొత్తానికి మూలం ఇదే.

టఫ్‌నెస్ చేసే పని కూడా ఇక్కడే తెలుస్తుంది. పెద్ద దెబ్బకు ఆర్మర్ ఎంత లొంగాలో అది నిర్ణయిస్తుంది. ఐరన్‌కు టఫ్‌నెస్ లేదు కాబట్టి గొడ్డలి ముందు చాలా లొంగిపోతుంది. నెథరైట్ అంత త్వరగా లొంగదు.

ప్రొటెక్షన్ ఎన్‌చాంట్‌మెంట్ దీని తర్వాత పనిచేస్తుంది. నాలుగు ముక్కల మీదా ప్రొటెక్షన్ 4 ఉంటే, ఆర్మర్ దాటి వచ్చిన దానిలో మళ్లీ 64 శాతం పోతుంది. దెబ్బ పెద్దదా చిన్నదా అని అది చూడదు, అన్నింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తుంది.

## ఒక్క దెబ్బ లెక్క

కింది పట్టికలో ఆయుధానికి ఎన్‌చాంట్‌మెంట్ లేదు, క్రిటికల్ (కిందికి దిగుతూ కొడితే పడే ఒకటిన్నర రెట్ల దెబ్బ) లేదు, గద దూకే వరుసల్లో కూడా దాన్ని కలపలేదు. కూల్‌డౌన్ పూర్తిగా నిండాక కొట్టిన దెబ్బ.

| ఆయుధం | చూపించే డ్యామేజ్ | ఫుల్ ఐరన్ | ఫుల్ డైమండ్ | ఫుల్ నెథరైట్ | నెథరైట్ + ప్రొటెక్షన్ 4 |
|---|---|---|---|---|---|
| నెథరైట్ కత్తి | 8 | 4.48 | 2.24 | 2.11 | 0.76 |
| నెథరైట్ గొడ్డలి | 10 | 6.00 | 3.00 | 2.80 | 1.01 |
| త్రిశూలం | 9 | 5.22 | 2.61 | 2.45 | 0.88 |
| గద, నేల మీద నిలబడి | 6 | 3.12 | 1.56 | 1.49 | 0.54 |
| గద, 5 బ్లాకుల నుంచి దూకి | 22 | 18.48 | 9.24 | 8.27 | 2.98 |
| గద, 10 బ్లాకుల నుంచి దూకి | 30 | 26.40 | 15.00 | 13.20 | 4.75 |
| గద, 20 బ్లాకుల నుంచి దూకి | 40 | 35.20 | 24.00 | 20.80 | 7.49 |

చివరి వరుస చూడండి. ప్రొటెక్షన్ లేని ఫుల్ నెథరైట్ మీద 20.80. పూర్తి ప్రాణంతో ఉన్నవాడు కూడా ఒక్క దెబ్బతో పోతాడు.

## కత్తి

కత్తి బలం వేగం. సెకనుకు 1.6 దెబ్బలు, అంటే కూల్‌డౌన్ సుమారు 0.63 సెకన్లు. గొడ్డలికి పూర్తి సెకను పడుతుంది. అందుకే ఒక్కో దెబ్బలో వెనకబడినా, మొత్తం మీద కత్తే ముందు నిలుస్తుంది.

| ఎదుటివాడి ఒంటిమీద | నెథరైట్ కత్తి | నెథరైట్ గొడ్డలి |
|---|---|---|
| ఏమీ లేదు | 3 దెబ్బలు, 1.25 సె. | 2 దెబ్బలు, 1 సె. |
| ఫుల్ ఐరన్ | 5 దెబ్బలు, 2.5 సె. | 4 దెబ్బలు, 3 సె. |
| ఫుల్ డైమండ్ | 9 దెబ్బలు, 5 సె. | 7 దెబ్బలు, 6 సె. |
| ఫుల్ నెథరైట్ | 10 దెబ్బలు, 5.6 సె. | 8 దెబ్బలు, 7 సె. |
| నెథరైట్, షార్ప్‌నెస్ 5తో కొడితే | 7 దెబ్బలు, 3.75 సె. | 6 దెబ్బలు, 5 సె. |
| నెథరైట్, షార్ప్‌నెస్ 5, అన్నీ క్రిటికల్ | 5 దెబ్బలు, 2.5 సె. | 4 దెబ్బలు, 3 సె. |
| నెథరైట్ + ప్రొటెక్షన్ 4, షార్ప్‌నెస్ 5, అన్నీ క్రిటికల్ | 12 దెబ్బలు, 6.9 సె. | 9 దెబ్బలు, 8 సె. |

(మొదటి దెబ్బ పడిన క్షణం నుంచి చివరి దెబ్బ దాకా. మధ్యలో ఎదుటివాడి ప్రాణం తిరిగి నిండటం లెక్కలో లేదు.)

మొదటి వరుస చాలామంది ఊహించనిది. ఆర్మర్ లేనివాడిని చంపడంలో గొడ్డలిదే పైచేయి, ఎందుకంటే రెండు దెబ్బల్లోనే 20 పూర్తవుతుంది. ఆర్మర్ వచ్చేసరికి కత్తి ముందుకొస్తుంది. పెద్ద దెబ్బ ఆర్మర్‌ను బాగా ఛేదిస్తుందన్నది నిజమే. కానీ నెథరైట్ స్థాయిలో గొడ్డలికి అలా కలిసొచ్చేది దాని నిదానాన్ని పూడ్చడానికి సరిపోదు.

షార్ప్‌నెస్ 5 అనే ఎన్‌చాంట్‌మెంట్, అది ఎక్కే ఏ ఆయుధానికైనా 3 పాయింట్లే కలుపుతుంది. ఎనిమిదికి మూడు కలిస్తే పెరిగింది ఎక్కువ, పదికి మూడు కలిస్తే తక్కువ. కాబట్టి షార్ప్‌నెస్ వల్ల ఎక్కువ లాభపడేది కత్తే. క్రిటికల్ మాత్రం ఆయుధం అసలు డ్యామేజ్‌ను ఒకటిన్నర రెట్లు చేస్తుంది, షార్ప్‌నెస్ దాని తర్వాతే కలుస్తుంది. కత్తి క్రిటికల్ 12, దానికి షార్ప్‌నెస్ 3 కలిపితే 15. ఏ ఎన్‌చాంట్‌మెంటూ లేని నెథరైట్ గొడ్డలి క్రిటికల్ కూడా సరిగ్గా 15. అంటే షార్ప్‌నెస్ 5 ఉన్న కత్తితో మీరు పొందే క్రిటికల్‌ను, ఇంకా ఎన్‌చాంట్ చేయని గొడ్డలి ఊరికే ఇస్తుంది.

గెంతి దిగుతూ కొట్టే క్రిటికల్‌కు కత్తి బాగా కుదురుతుంది. చదును నేల మీద ఒక గెంతుకు పట్టే సమయం, కత్తి కూల్‌డౌన్ దాదాపు సమానం. గెంతినప్పుడల్లా నిండు దెబ్బ సిద్ధంగా ఉంటుంది. ఆ లయ చేతికి అలవాటైనవాళ్లకు కత్తిని మించింది లేదు.

కత్తి పట్టినవాళ్లు ఎక్కువగా చేసే పని గబగబా క్లిక్ చేయడం. ఆర్మర్ ముందు అది దండగ. కూల్‌డౌన్ సగమే నిండినప్పుడు కొడితే దెబ్బ 40 శాతానికి పడిపోతుంది, 8 కాస్తా 3.2 అవుతుంది. ఆ చిన్న దెబ్బను ఫుల్ నెథరైట్ 77 శాతం పైగా ఆపేస్తుంది, మిగిలేది 0.72. నిండు దెబ్బ 2.11 ఇచ్చేచోట మూడో వంతు మాత్రమే. పైగా దెబ్బ తగిలిన తర్వాత అర సెకను పాటు ఎదుటివాడికి అంతకంటే పెద్దది కాని మరో దెబ్బ తగలదు. వేలు నొప్పి తప్ప ఏం రాదు.

## గొడ్డలి

సమయం లెక్కలో వెనకబడిన గొడ్డలిని డ్యుయెల్‌లో (ఇద్దరి మధ్య పోరులో) ఎందుకు పట్టుకుంటారంటే, డాలు కోసం. ఎదుటివాడు డాలు ఎత్తితే కత్తి దెబ్బ మొత్తం దాని మీదే ఆగిపోతుంది. గొడ్డలి తగిలితే డాలు 5 సెకన్లు పనికిరాకుండా పోతుంది. పై పట్టిక ప్రకారం షార్ప్‌నెస్ ఉన్న కత్తికి ఫుల్ నెథరైట్‌ను దించడానికి 3.75 సెకన్లు చాలు, ఎదుటివాడు ప్రొటెక్షన్ లేకుండా ఉంటే. డాలు మళ్లీ లేచేలోపు ఆట ముగించవచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్ల హాట్‌బార్‌లో (చేతికందే వస్తువుల వరుసలో) రెండూ పక్కపక్కనే ఉంటాయి: గొడ్డలితో డాలు పడగొట్టి, కత్తికి మారడం. ఆయుధం మార్చగానే కూల్‌డౌన్ మళ్లీ మొదటి నుంచి నిండుతుంది, అది గుర్తుంచుకుని మార్చాలి.

గొడ్డలి అసలు మెరిసేది ఆట తొలిదశలో. కొత్తగా ఆడేవాళ్లు ఈ భాగం శ్రద్ధగా చదవాలి.

రాతి గొడ్డలి డ్యామేజ్ 9. ఇనుప గొడ్డలి కూడా 9. డైమండ్ గొడ్డలి కూడా 9. తేడా వేగంలోనే: రాతిది సెకనుకు 0.8, ఇనుపది 0.9, డైమండ్‌ది 1. కత్తుల సంగతి అలా కాదు, రాతిది 5, ఇనుపది 6, డైమండ్‌ది 7. ఫుల్ ఐరన్ వేసుకున్నవాడి మీద ఇవి ఇలా పనిచేస్తాయి:

| ఆయుధం | ఒక దెబ్బకు | ఎన్ని దెబ్బలు | సమయం |
|---|---|---|---|
| ఇనుప కత్తి | 3.12 | 7 | 3.75 సె. |
| ఇనుప గొడ్డలి | 5.22 | 4 | 3.33 సె. |
| రాతి గొడ్డలి | 5.22 | 4 | 3.75 సె. |

మూడు రాళ్లు, రెండు కర్రలతో చేసిన రాతి గొడ్డలి, ఫుల్ ఐరన్ మీద ఇనుప కత్తితో సమానంగా నిలుస్తోంది. సర్వర్ మొదలైన మొదటి గంటలో గొడవ పెట్టుకునే అవకాశం ఉందంటే, దొరికిన ఇనుమంతా ఆర్మర్‌కు పెట్టి చేతిలో రాతి గొడ్డలి ఉంచుకోండి. నా సలహాల్లో నేను గట్టిగా నిలబడేది దీని మీదే.

గొడ్డలికి నష్టాలూ ఉన్నాయి. దాంతో ఒక్కసారి కొడితే మన్నిక 2 తగ్గుతుంది, కత్తికి 1 తగ్గుతుంది. నెథరైట్ కత్తి 2031 దెబ్బలు మన్నితే అదే నెథరైట్ గొడ్డలి అందులో సగం. ఎన్‌చాంటింగ్ టేబుల్ దగ్గర గొడ్డలికి షార్ప్‌నెస్ రాదు, పుస్తకం సంపాదించి యాన్విల్ (దాగలి) మీద ఎక్కించాలి. లూటింగ్ (చంపిన జీవి నుంచి ఎక్కువ వస్తువులు రాలేలా చేసేది), స్వీపింగ్ ఎడ్జ్ (పక్కవాళ్లకూ తగిలే దెబ్బను పెంచేది) గొడ్డలికి ఎక్కవు. ఇంకో సంగతి, గొడ్డలితో గురి తప్పితే పోయేది పూర్తి సెకను.

## గద

గద తయారీకి హెవీ కోర్, బ్రీజ్ రాడ్ (బ్రీజ్ అనే జీవిని చంపితే దొరికేది) కావాలి. హెవీ కోర్ ఒమినస్ వాల్ట్‌లు అనే ప్రత్యేక పెట్టెల్లోనే, అదీ చాలా అరుదుగా దొరుకుతుంది. కాబట్టి ఇది మొదటి వారంలో ఎంచుకునే ఆయుధం కాదు.

నేల మీద నిలబడి కొడితే గద అన్నింటికంటే బలహీనం: డ్యామేజ్ 6, వేగం సెకనుకు 0.6. పై నుంచి పడుతూ కొడితే మొదటి 3 బ్లాకులకు బ్లాకుకు 4 చొప్పున, తర్వాతి 5 బ్లాకులకు 2 చొప్పున, ఆపైన 1 చొప్పున కలుస్తూ పోతుంది. ఇది లెక్కలోకి రావాలంటే ఒకటిన్నర బ్లాకుల కంటే ఎక్కువ ఎత్తు నుంచి పడాలి. మామూలు గెంతు అంత ఎత్తు వెళ్లదు. ఎలిట్రా (ఎగిరే రెక్కలు) ఉండాలి, లేదా కాళ్ల దగ్గర విండ్ చార్జ్ (గాలి బంతి) పేల్చి పైకి లేవాలి, లేదా ఎత్తైన చోటు మీ చేతిలో ఉండాలి. దెబ్బ తగిలితే పడిన డ్యామేజ్ మీకు అంటదు. తగలకపోతే మొత్తం మీకే.

ఆర్మర్ సూత్రానికి నిండైన ఉదాహరణ గదే. 10 బ్లాకుల దెబ్బ 30 పడితే ఐరన్ ఆర్మర్ అడుగంటిపోయి 12 శాతం మాత్రమే ఆపగలుగుతుంది. డైమండ్ సగం ఆపుతుంది. నెథరైట్ 56 శాతం. టఫ్‌నెస్ నాలుగు పాయింట్ల తేడా కత్తి ముందు దాదాపు కనిపించదు, గద ముందు బాగా కనిపిస్తుంది. సర్వర్‌లో గదలు తిరుగుతున్నాయని తెలిస్తే డైమండ్ నుంచి నెథరైట్‌కు మారడానికి అదొక గట్టి కారణం.

గదకు షార్ప్‌నెస్ ఎక్కదు. దాని సొంత ఎన్‌చాంట్‌మెంట్లైన బ్రీచ్, డెన్సిటీ రెండింటిలో ఒక్కటే పెట్టుకోగలరు, ఎంపిక కష్టమయ్యేది ఇక్కడే.

బ్రీచ్ ఒక్కో స్థాయికి, ఆర్మర్ ఆపే శాతంలోంచి 15 తీసేస్తుంది. బ్రీచ్ 4 అంటే 60 తీసేసినట్టు. ఫుల్ నెథరైట్ మీద నిలబడి కొట్టిన గద దెబ్బను ఆర్మర్ 75.2 శాతం ఆపాల్సింది, 15.2 శాతమే ఆపుతుంది. మిగిలేది 5.09. షార్ప్‌నెస్ 5 ఉన్న గొడ్డలి అదే చోట 3.95, కత్తి 3.17. అంటే ఎగరకుండా, దూకకుండా నేల మీదే కొట్టినా ఒక్క దెబ్బలో బ్రీచ్ గదదే పైచేయి. ఆ తర్వాత 1.67 సెకన్లు ఆగాలి కాబట్టి దీంతో వరుసగా కొడుతూ పోరాడలేరు. బ్రీచ్ ఆర్మర్‌నే తగ్గిస్తుంది, ప్రొటెక్షన్ జోలికి పోదు.

డెన్సిటీ పడిన ప్రతి బ్లాకుకూ స్థాయికి 0.5 చొప్పున కలుపుతుంది. డెన్సిటీ 5 అయితే బ్లాకుకు రెండున్నర. క్రిటికల్ కలపకుండా చూస్తే, మూడు బ్లాకుల నుంచి ఫుల్ నెథరైట్ మీద పడితే బ్రీచ్ 4 గద 17 ఇస్తుంది, డెన్సిటీ 5 గద 10.3. పది బ్లాకుల నుంచి అయితే బ్రీచ్‌కు 30, డెన్సిటీకి 35.2. ఎలిట్రాతో ఆకాశం నుంచి దిగేవాళ్లు డెన్సిటీ తీసుకోవాలి. గుహల్లో, కోటల్లో, తక్కువ ఎత్తుల్లో పోరాడేవాళ్లకు బ్రీచ్. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే నేను బ్రీచ్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే పది బ్లాకుల ఎత్తు ప్రతిసారీ దొరకదు.

గద మన్నిక 500. మెండింగ్ (అనుభవ పాయింట్లతో ఆయుధాన్ని బాగుచేసే ఎన్‌చాంట్‌మెంట్) లేకుండా దాన్ని రోజువారీ ఆయుధంగా వాడకండి.

## త్రిశూలం

దగ్గరి పోరాటానికి త్రిశూలం కొనకండి. డ్యామేజ్ 9, వేగం 1.1, పట్టికలో బాగానే కనిపిస్తుంది. కానీ షార్ప్‌నెస్ ఎక్కదు, జావాలో ఇంపేలింగ్ (డ్యామేజ్ పెంచే దాని సొంత ఎన్‌చాంట్‌మెంట్) నీటి జీవుల మీదే పనిచేస్తుంది, మన్నిక 250. ఎన్‌చాంట్‌మెంట్లు వచ్చాక కత్తికీ దీనికీ పోలికే లేదు. నీటిలో ప్రయాణానికి, విసరడానికి ఉంచుకోండి.

## మీరే పరీక్షించాలంటే

పై అంకెలు సూత్రం నుంచి వచ్చినవి. మీ వెర్షన్‌లో, మీ సర్వర్‌లో అవే వస్తున్నాయో లేదో చూడటం తేలిక. క్రియేటివ్ లోకంలో, పీస్‌ఫుల్ కాని డిఫికల్టీలో, కదలని ఒక మాబ్‌ను (ఆటే నడిపే జీవిని) సమ్మన్ కమాండ్‌తో నిలబెట్టి ఫుల్ సెట్ తొడగండి. ఒక దెబ్బ కొట్టి, డేటా గెట్ కమాండ్‌తో దాని హెల్త్ చదవండి. 20లోంచి తీసేస్తే దెబ్బ ఎంతో దశాంశాలతో సహా తెలుస్తుంది. హార్ట్‌లు చూసి అంచనా వేయొద్దు, అర హార్ట్ కంటే చిన్న తేడాలు అక్కడ కనబడవు.

ఏ మాబ్‌ను నిలబెడుతున్నారన్నది చాలా ముఖ్యం. అందరూ జాంబీని తెచ్చుకుంటారు. జాంబీకి ఏమీ తొడగకముందే 2 ఆర్మర్ పాయింట్లు ఉంటాయి. దానికి ఫుల్ డైమండ్ తొడిగితే మొత్తం 22. నెథరైట్ కత్తితో కొడితే 2.24కి బదులు 1.6 వస్తుంది. ఫుల్ నెథరైట్ తొడిగి కొట్టండి, మళ్లీ 1.6. ఆర్మర్ 20 గరిష్ఠాన్ని తాకేసింది కాబట్టి టఫ్‌నెస్ తేడా పూర్తిగా దాక్కుంది. ఈ పరీక్ష చూసినవాడు డైమండ్, నెథరైట్ ఒకటే అని తీర్మానించేస్తాడు. ఆటగాడి మీద అది తప్పు.

జాంబీ బదులు అస్థిపంజరాన్ని పెట్టండి. దానికి సొంత ఆర్మర్ లేదు, ప్రాణం 20, ఆటగాడితో సమానం. తలమీద హెల్మెట్ లేకపోతే పగటి ఎండలో కాలిపోతుంది కాబట్టి పైకప్పు కింద పెట్టండి, లేకపోతే మంట డ్యామేజ్ మీ లెక్కలో కలుస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య కూల్‌డౌన్ గుర్తు పూర్తిగా నిండనివ్వండి. నేల మీద నిలబడి, పరుగెత్తకుండా కొట్టండి. గెంతు కలిస్తే క్రిటికల్ అయిపోతుంది. స్నేహితుడిని నిలబెట్టి కొట్టడం కంటే ఇది నయం, ఎందుకంటే ఆటగాడికి కడుపు నిండుగా ఉంటే ప్రాణం దానంతటదే నిండుతుంది, మాబ్‌కు నిండదు.

## ఎవరికి ఏది

ఒంటరిగా సర్వైవల్ ఆడుతూ మాబ్‌లతోనే పని ఉన్నవాళ్లకు కత్తి చాలు. మాబ్‌లలో ఎక్కువ వాటికి ఆర్మర్ ఉండదు, ఉన్నా అరకొర. లూటింగ్, స్వీపింగ్ ఎడ్జ్ కత్తికే వస్తాయి, గుంపు మీద పడ్డప్పుడు పక్కవాళ్లకూ దెబ్బ తగులుతుంది.

కొత్త సర్వర్‌లో మొదటి రోజులు ఆడుతున్నవాళ్లకు గొడ్డలి. రాతిది సరిపోతుంది, ఇనుము మిగిలితే ఇనుపది. డైమండ్లు దొరికాక మొదటి రెండింటినీ డైమండ్ కత్తికి పెట్టండి, గొడ్డలికి కాదు. గొడ్డలి డ్యామేజ్ ఇనుము నుంచి డైమండ్‌కు మారినా పెరగదు.

డ్యుయెల్‌లు ఆడేవాళ్లకు ఎదుటివాడు డాలు పడతాడా లేదా అన్నదే తేల్చాల్సిన విషయం. పడితే కత్తి, గొడ్డలి రెండూ, షార్ప్‌నెస్ ముందు కత్తికి. డాలు లేని పోటీ అయితే, గెంతి క్రిటికల్ కొట్టే లయ మీకు బాగా వస్తే కత్తి ఒక్కటే. ఆ లయ ఇంకా రాకపోతే, పింగ్ (సర్వర్‌కు వెళ్లి వచ్చే ఆలస్యం) ఎక్కువగా ఉంటే గొడ్డలి వైపు ఆలోచించండి. తక్కువ దెబ్బలతో పని అయ్యే ఆయుధం అలాంటప్పుడు కాస్త ఊరట. హైదరాబాద్ నుంచి యూరప్ సర్వర్‌లో ఆడుతుంటే ఆరు దెబ్బలు సరిగ్గా వేయడం ఏడు వేయడం కంటే తేలికే.

అందరూ ప్రొటెక్షన్ 4 నెథరైట్‌లో తిరిగే పాత సర్వర్ అయితే కత్తితో పన్నెండు క్రిటికల్‌లు పడాలి. ఈలోపు ఎదుటివాడు గోల్డెన్ యాపిల్ తింటాడు, ప్రాణం నిండుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ గద లేకుండా పోరు తేలడం కష్టం. గొడ్డలితో డాలు పడగొట్టాక పై నుంచి గద దించడం అక్కడ మామూలు పద్ధతి, ఎందుకంటే ఎత్తిన డాలు గద దెబ్బను కూడా ఆపుతుంది.

బెడ్‌రాక్ వాళ్లకు ఈ పట్టికలు వర్తించవు. అక్కడ కూల్‌డౌన్ లేదు, కాబట్టి గబగబా కొట్టడం దండగ కాదు. ఒకే లోహంతో చేసిన గొడ్డలి డ్యామేజ్ కత్తి కంటే ఒకటి తక్కువ. నెథరైట్ కత్తి 9, గొడ్డలి 8. ఫోన్‌లో ఆడే తమ్ముడో చెల్లెలో జావా వీడియోలు చూసి గొడ్డలి పట్టుకుని తిరుగుతుంటే, చేతికి కత్తి ఇవ్వండి.